ఖాజీ సాబ్ చదివిన అరస్తూ

నిప్పు తాకితె పత్తి కాల్తదా, కాలదా? నవ్వకుండ్రి. గీ ముచ్చట మీద ఎన్కట పెద్ద పెద్ద చదువుకున్నోళ్ళు కితాబులకు కితాబులే రాసిండ్రు. ఒకాయన బాగ్దాదుల, ఇంకొకాయన ఎక్కడ్నో స్పెయిను దేశంల. మొదటాయన కాలం చేసినంక పదిహేనేండ్లకు గాని రెండో ఆయన పుట్టనే లేదు. అయినా ఇద్దరి నడుమ కొట్లాట కొట్లాటే.

ఆ పత్తికట్టె ఇంకో రెండు మంటల ఏయ్ రా, చెప్త.

మొదటాయన పేరు గజాలీ. బాగ్దాదుల నిజామియా మద్రసాల పెద్ద ఉస్తాదు. 1095ల ఒక కితాబు రాసిండు, ‘తహాఫుతుల్ ఫలాసిఫా’ అని. గ్రీకుల శాస్త్రం నమ్ముకున్నోళ్ళ వాదం ఎట్ల కూలిపోతదో చూపిస్తనని రాసిండు. అండ్ల వస్తది ఈ పత్తి ముచ్చట. మీరు చూసిందేంది అంటడు. నిప్పు తాకింది, పత్తి మండింది. రెండూ ఒక్కపారే అయినయి, గంతే మీరు చూసింది. నిప్పే కాల్చిందని ఎవలు చూసిండ్రు? దానికి పానం లేదు, ఎరుక లేదు, అది ఏ పనీ చేయలేదు. కాల్చేది దేవుడు. ఆయన వద్దనుకుంటె నిప్పుల పెట్టినా పత్తి తెల్లగనే ఉంటది. ఇబ్రాహీము ప్రవక్తను మంటల పడేస్తె కాలలేదని వాళ్ళ నమ్మకం, మన ప్రహ్లాదుని కథల ఉన్నట్టే. ఆ నమ్మకానికి జాగ ఉండాలె గద.

గజాలీని తీసిపారేయకుండ్రి. ఆరు వందల ఏండ్లు దాటినంక స్కాట్లండుల హ్యూమ్ అనే ఆయన, దేవుని ముచ్చట లేకుండ, దాదాపు గిదే సవాలు అడిగిండు. దానికి ఇప్పటికీ ప్రొఫెసర్లు జవాబు వెతుకుతనే ఉన్నరు.

రెండో ఆయన ఇబ్న్ రుష్ద్. యూరపోళ్ళు అవెరోస్ అంటరు. 1180 ప్రాంతంల గజాలీకి జవాబు రాసిండు. దాని పేరు ‘తహాఫుతుత్ తహాఫుత్’. కూల్చెటోని వాదమే ఎట్ల కూల్తదో చూడుండ్రి అన్నట్టు. నిప్పుకు కాల్చే గుణం తీసేస్తె అది నిప్పు ఎట్లయితది, అంటడు. ఒక్కొక్క వస్తువుకు ఒక్కొక్క పని ఉన్నది కాబట్టే దానికో పేరున్నది. కారణాలే లేవన్నోడు తెలివినే లేదన్నట్టు, ఎందుకంటె తెలివి అంటెనే కారణం పట్టుకునుడు.

మా ఉర్దూ మౌల్వీ సాబ్ ఇక్కడికి వచ్చేసరికి నవ్వు ఆపుకోలేకపోయెటోడు. “అరె, ఆయన ఖాజీ గదా! గడ్డివాము తగలబెట్టినోన్ని పట్టుకొచ్చి ముంగట నిలబెడ్తె, ‘కొరివి నేనే పెట్టిన హుజూర్, గాని కాల్చింది కొరివి కాదు’ అని వాడంటె, ఖాజీ ఏం ఫైసలా చెయ్యాలె?” అనెటోడు. ఇది కితాబుల ఉన్న మాట కాదు, మౌల్వీ సాబ్ సొంత మాట. నాకు మాత్రం అసలు కితాబు కన్న అదే ఎక్కువ యాదికున్నది.

ఆయన ఖాజీ అన్న సంగతి మీరు కూడ మరవద్దు. ఇయ్యాల రేపు ఇబ్న్ రుష్ద్ అంటె, మతాన్ని పక్కకు నెట్టి గ్రీకుల చదువు నెత్తికెత్తుకున్న మనిషి అని చెప్తరు. సెక్యులర్ అంటరు. అసలు మనిషి ఎట్లుండెనో చూడుండ్రి. 1126ల కొర్దోబా పట్నంల పుట్టిండు. తాత పేరు కూడ ఇబ్న్ రుష్దే. కొర్దోబాకు ఖాజీ, అక్కడి పెద్ద మసీదుల ఇమాము. మనుమడు పుట్టిన ఏడే తాత పోయిండు. తండ్రీ ఖాజీనే. ఈయన 1169ల సెవిల్ పట్నానికి ఖాజీ అయిండు, రెండేండ్లకు కొర్దోబాకు. షరియత్ మీద రాసిన ‘బిదాయతుల్ ముజ్తహిద్’ను మద్రసాలల్ల ఇప్పటికీ చదువుతరు. హకీము కూడ. వైద్యం మీద రాసిన ‘కుల్లియాత్’ లాటిన్ల తర్జుమా అయి యూరపు కాలేజీలల్ల నడిచింది. పగటి పూట ఆస్తి పంపకాలు, తలాఖులు, గవాయిలు. మరి అరస్తూను ఎప్పుడు చదివిండో! మీ పుస్తకాలల్ల అరిస్టాటిల్ అని ఉంటది. మేము ఉర్దూ మీడియమోళ్ళం, మాకు ఆయన అరస్తూ, ప్లేటో అఫ్లాతూన్.

ఆ చదువు మొగ్గ తొడిగిన తీరు జర నిమ్మళంగ చెప్త, ఎందుకంటె ఆ కాలం ఎట్లుండెనో అంత దీంట్లనే ఉన్నది.

అల్ మొహద్ ఖలీఫా అబూ యాకూబ్ యూసుఫ్ దర్బారుల ఇబ్న్ తుఫైల్ అని ముసలి హకీము ఉండె. ఒంటరి దీవిల, మనిషి తోడు లేకుండ పెరిగిన పిల్లగాడు తన తెలివితోనే లోకాన్ని తెలుసుకున్న కథ రాసింది ఆయనే, ‘హయ్ ఇబ్న్ యఖ్జాన్’ అని. ఆయన ఒకనాడు ఇబ్న్ రుష్ద్‌ను ఖలీఫా తానకు తోల్కపోయిండు. లోపల ఖలీఫా, ఇబ్న్ తుఫైల్ ఇద్దరే ఉన్నరు. పేరేంది, తండ్రి ఎవలు, వంశమేంది అని అడిగిండు ఖలీఫా. ఆ ఎంబడే, నడుమ ఇంకో మాట లేకుండ, “ఆకాశం సంగతి తత్వవేత్తలు ఏమంటరు? ఎప్పటినుంచో ఉన్నదేనా, ఒకనాడు పుట్టిందా?” అన్నడు.

గుండె జారిపోయింది మనోనికి. ఎందుకంటరు? అరస్తూ లెక్కన లోకం అనాది, దానికి మొదలు లేదు. మతం లెక్కన దేవుడు ఒకనాడు పుట్టించిండు. గజాలీ తత్వవేత్తలను కాఫిర్లన్న మూడు సంగతులల్ల ఇది మొదటిది. ఎటు చెప్పినా మెడకు చుట్టుకుంటది. “నేను ఫల్సఫా చదవలేదు హుజూర్” అని తప్పించుకున్నడు. అవ్ బిడ్డా, అబద్ధమే ఆడిండు.

ఖలీఫా నాడి పట్టిండు. ఇబ్న్ రుష్ద్‌ను ఇడ్సిపెట్టి ఇబ్న్ తుఫైల్ దిక్కు తిరిగి ముచ్చట షురూ చేసిండు. అరస్తూ ఏమన్నడు, అఫ్లాతూన్ ఏమన్నడు, దానికి మన ఇస్లాం పండితులు ఏం ఎదురు చెప్పిండ్రు, అంత వరుసగ చెప్పుకొచ్చిండు. తీరిక లేని రాజు గింత చదివిండా అని ఈయన నోరెళ్ళబెట్టిండు. భయం పోయింది, నోరు తెరిచిండు, తనకెరుకైనంత చెప్పిండు. బయటికి వచ్చేసరికి పైసలు, దర్బారు అంగీ, ఎక్కి పోనీకె సవారీ, మూడూ ఇనాము దొరికినయి. ఈ ముచ్చట ఇబ్న్ రుష్దే తన శిష్యునికి చెప్తె, ఆ శిష్యుని నోట ఇని మర్రాకుషీ అనే చరిత్రకారుడు రాసి పెట్టిండు.

తర్వాత ఒకనాడు ఇబ్న్ తుఫైల్ పిలిచి, అరస్తూ మాటలు చిక్కుముడి లెక్కున్నయని ఖలీఫా బాధపడ్తున్నడు, ఎవలన్న ఇప్పి చెప్పెటోళ్ళుంటె బాగుండనుకుంటున్నడు, నేను ముసలోన్నయిన, నువ్వు పూనుకో అన్నడు. గంతే, ఆ పని బతుకంత పట్టింది.

ఇబ్న్ రుష్ద్‌కు గ్రీకు అక్షరం రాదు. మూడు నూర్ల ఏండ్ల కింద బాగ్దాదుల హునైన్ ఇబ్న్ ఇస్‌హాక్, ఆయన కొడుకు, వాళ్ళ జతగాళ్ళు గ్రీకు నుంచి సురియానీల్కి, సురియానీ నుంచి అరబ్బీల్కి దింపిన తర్జుమాలే ఆయనకు దిక్కు. ఒక్కో కితాబుకు రెండు మూడు తర్జుమాలు దొరికితె పక్కపక్కన పెట్టి పోల్చెటోడు. అరస్తూ కితాబులకు మూడు తీర్ల వ్యాఖ్యానం పెట్టుకున్నడు: సారం చెప్పే చిన్నది, తన మాటలల్ల తిరగ చెప్పే నడిమిది, ఒక్క ముక్క ఇడ్సిపెట్టని పెద్దది. పెద్దది ఐదు కితాబులకే రాసిండు. అండ్ల అరస్తూ మాట ఒక ముక్క పూర్తిగ దింపుకునుడు, దాని కింద పదం పదం ఇడమరిచి చెప్పుడు, ఆడికెల్లి ఇంకో ముక్క. మన మెదక్ దిక్కు కొల్చారం మల్లినాథసూరి కాళిదాసుకు రాసిన తీరే అనుకోండ్రి. మూలంల లేనిది చెప్పను అన్న పట్టు ఇద్దరికీ ఉన్నది.

నా లెక్కల ఆయన చేసిన అసలు పని అదే. ఆయన కన్న ముందటోళ్ళు, ముఖ్యంగ ఇబ్న్ సీనా, అరస్తూను తమ మతానికి, అఫ్లాతూన్ వారసుల మాటలకు కలిపి ఒక వంటకం చేసిండ్రు. ఈయన దాన్ని మళ్ళ విడదీసిండు. అరస్తూ ఏమన్నడో ముందు అది చూద్దాం, ఏ రుజువు మీద అన్నడో చూద్దాం, మన మతానికి సరిపోతదా లేదా అన్నది ఆ జాగల తేవద్దు అన్నడు. దేవుడు లేడనలేదు, మతం వద్దనలేదు. ఒక్క పేజీల ఒక్కటే లెక్క నడవాలె అన్నడు.

మరి షరియత్ ఒప్పుకుంటదా? దానికి ఖాజీ లెక్కనే జవాబు చెప్పిండు, ‘ఫస్లుల్ మఖాల్’ల. ఫత్వా అడిగినట్టే అడుగుతడు: ఫల్సఫా చదువుడు హలాలా, హరామా, విధా? సృష్టిని చూసి ఆలోచించుండ్రని ఖురానే చెప్తున్నది కాబట్టి, శక్తి ఉన్నోనికి విధి అని తేల్చిండు. మరి ఈ తర్కం పెట్టినోళ్ళు మన మతస్థులు కాదు గదా అంటె, కుర్బానీ ఇచ్చే కత్తి ఎవనిదని అడుగుతమా, పని చేస్తదా లేదా చూస్తం గాని, అన్నడు. సత్యం సత్యానికి ఎదురు తిరగదు. లేఖనానికి, రుజువుకు పొసగనట్టు కనిపిస్తె లేఖనానికి లోపలి అర్థం వెతకాలె.

ఇక్కడ ఒక సంగతి నాకు నచ్చదు, చెప్పకుంటె తప్పు. ఈ లోపలి అర్థాలు మామూలు జనానికి చెప్పొద్దు అన్నడు. వాళ్ళకు కథలు, ఉపదేశాలు చాలు, రుజువులు చెప్తె ఉన్న నమ్మకం కూడ పోతది అని ఆయన భయం. గజాలీ చేసిన తప్పే గది, బజార్ల పెట్టిండు అని కోపానికొచ్చిండు. రైతుబిడ్డకు రుజువు అర్థం కాదని ఎవలు చెప్పిండ్రు? నలభై ఏండ్లు బడిపంతులు నౌకరి చేసినోన్ని, నేనొప్పుకోను. ఇంకోటి, అరస్తూ మీద ప్రేమ మితిమీరింది. గ్రహాల తిరుగుడుకు టోలమీ చెప్పిన చక్రాల మీద చక్రాలు అరస్తూ శాస్త్రానికి పొసగవని తిప్పలు పడ్డడు. చిన్నతనంల దీన్ని తేలుస్తననుకున్న, ఇప్పుడు ముసలితనమొచ్చె, నా ఎనక ఎవలన్న చూడుండ్రి అని రాసుకున్నడు. గా మాట చదివితె కోపం పోతది.

అఫ్లాతూన్ ముచ్చట ఇనాలె మీరు, ముఖ్యంగ ఆడపిల్లలు. రాజ్యం సంగతుల మీద అరస్తూ రాసిన ‘పాలిటిక్స్’ ఇబ్న్ రుష్ద్ చేతికి రాలేదు. అందుకని అఫ్లాతూన్ ‘రిపబ్లిక్’ పట్టుకున్నడు. ఆ కితాబు ఆఖరున చచ్చిపోయినంక ఆత్మలు ఎటు పోతయి, ఏం చూస్తయి అన్న కథ ఒకటి ఉంటది. ఆ పదో భాగం ఈ శాస్త్రానికి అక్కరలేదని ఇడ్సిపెట్టిండు. కథ రుజువు కాదు, గంతే. రుజువుకు నిలిచేది మాత్రం తీస్కున్నడు. తీస్కొని తన ఊరి మీదనే పెట్టి చూసిండు, కొర్దోబాల జనం పాలన నియంత పాలన ఎట్లయిందో చెప్పిండు. ఆడోళ్ళు మొగోళ్ళు ఒకటే జాతి, అండ్ల తెలివైనోళ్ళు రాజ్యమేలొచ్చు, తత్వం చదవొచ్చు అని అఫ్లాతూన్ అంటె, అవునని ఒప్పుకొని, మరి మన దగ్గరనో అని మొదలుపెట్టిండు. ఆడోళ్ళను పిల్లల్ని కననీకె, పెంచనీకె తప్ప దేనికీ ఉంచలేదు, అందుకే చెట్టు చేమ తీరు బతుకుతున్నరు, వాళ్ళ చేత పని చేయించక సగం జనాన్ని బరువు చేసుకున్నం, మన పట్నాల పేదరికానికి అదో కారణం అన్నడు. పన్నెండో నూరేండ్లల్ల, ఒక ఖాజీ! అరబ్బీ మూలం పోయింది. మార్సెయ్ పట్నపు యూదు పండితుడు శామ్యూల్ బెన్ జూదా 1320 ప్రాంతంల హిబ్రూల్కి తర్జుమా చేసిపెట్టకుంటె మనకు ఎరుకనే కాకపోవు.

రోజులు ఒక్క తీరుగ ఉండవు. అబూ యాకూబ్ కొడుకు యాకూబ్ అల్ మన్సూర్ ఖలీఫా అయినంక మొదట మస్తు ఇజ్జత్ ఇచ్చిండు. 1195ల అంత తిరగబడ్డది. ఉత్తరాన క్రైస్తవ రాజుతోటి జంగు నడుస్తున్నది, ఖలీఫాకు మతపెద్దల అండ కావాలె. పగోళ్ళు ఇబ్న్ రుష్ద్ చేతిరాత కాయితమొకటి తెచ్చి చూపించిండ్రు: శుక్రగ్రహం దేవతలల్ల ఒకటి అని ఉన్నది. అది ఎన్కటి గ్రీకుల మాట, ఆయన దింపుకున్నది. ముందర ఎనక కోసేసి ఆ ఒక్క వాక్యమే పట్టుకొచ్చిండ్రు. ఇప్పటి ఫోన్లల్ల చేసే పనే. ఇంకో కథ కూడ చెప్తరు: జంతువుల కితాబుల జిరాఫీ గురించి రాసుకుంట, దీన్ని బర్బరుల రాజు తాన చూసిన అన్నడట. విశ్వాసుల నాయకుడనో, అమీరనో అనలె, ఉత్త బర్బరుల రాజు! ఆ ఒక్క మాటకు ఖలీఫా మనసుల ముల్లు దిగిందంటరు.

ఇబ్న్ రుష్ద్ తన పాత కొర్దోబా పెద్ద మసీదుల, ఒకప్పుడు తాత ఇమాముగ నిలబడ్డ జాగల, కొడుకుతోటి అసర్ నమాజుకు పోతె అల్లరి మూక ఎళ్ళగొట్టింది. తనకు జరిగినయన్నింట్ల అదే ఎక్కువ బాధ పెట్టిందని చెప్పుకున్నడు. లూసేనా అనే చిన్న ఊరికి దేశాంతరం పంపిండ్రు. ఫల్సఫా కితాబులు కాల్చుమని ఫర్మానా పోయింది. ఏవి మినహాయించిండ్రో ఎరుకనా? వైద్యం, లెక్కలు, నమాజు వేళకు, ఖిబ్లా దిక్కుకు పనికొచ్చినంత మట్టుకు ఖగోళం.

మూడేండ్లు కాకముందే ఖలీఫా మనసు మార్చుకొని మర్రాకష్‌కు పిలిపించిండు. ఆడనే 1198 డిసెంబర్ల పోయిండు. మూడు నెల్లకు శవాన్ని తీసి కొర్దోబాకు తోలిండ్రు. సూఫీ ఇబ్న్ అరబీ అప్పుడు ఆడ ఉండి కండ్లార చూసిండు: జంతువు మీద ఒక దిక్కు శవపెట్టె, బరువు సమానం కానీకె రెండో దిక్కు ఆయన కితాబులు.

ఆ తర్వాత ముచ్చట వేరే దేశాలది. మైకేల్ స్కాట్ అనే ఆయన 1220ల దిక్కు లాటిన్ల్కి తర్జుమాలు చేసిండు. పారిస్ పంతుళ్ళకు అరస్తూ అంటె ‘తత్వవేత్త’, ఇబ్న్ రుష్ద్ అంటె ‘వ్యాఖ్యాత’, పేరు కూడ చెప్పనక్కర లేకపాయె. సీజర్ ఆఫ్ బ్రబాంట్, ఆయన జట్టు పంతుళ్ళు మతం సంగతి మాకొద్దు, అరస్తూ ఏమన్నడో గదే చెప్తం అని మొండికేసిండ్రు. పారిస్ బిషపు టెంపియె 1270ల పదమూడు మాటలు, 1277 మార్చిల 219 మాటలు నిషేధించిండు. మతానికొక సత్యం, తత్వానికొక సత్యం అని రెండు సత్యాలు చెప్తున్నరని వాళ్ళ మీద నింద ఏసిండు. సీజర్ ఆ మాట అనలేదు. ఇబ్న్ రుష్ద్ అయితె బరాబర్ ఎదురు మాట అన్నడు, సత్యం ఒక్కటే అని. అయినా ఆ నింద ఆయన పేరుకే అంటుకున్నది. దాంతె అనే ఇటలీ కవి మాత్రం ఇబ్న్ రుష్ద్‌ను నరకం అంచున మంచోళ్ళ జాగల కూసోబెట్టి, సీజర్‌ను సక్కగ స్వర్గంల పెట్టిండు.

అసలు సెక్యులర్ పని చేసింది ఇంకొకాయన, పాడువా మార్సీలియో. 1324ల ‘శాంతి రక్షకుడు’ అని కితాబు రాసి, ఇబ్న్ రుష్ద్‌కు దొరకని అరస్తూ ‘పాలిటిక్స్’ ఆధారంగనే, చట్టం చేసే హక్కు జనానిది, పోపుకు శిక్ష ఏసే అధికారమే లేదన్నడు. రాసింది ఎవలో ఎరుకైనంక 1326ల, ఇబ్న్ రుష్ద్ భక్తుడు జాందన్ జాన్‌తోటి కలిసి పారిస్ ఇడిసి జర్మన్ రాజు తానకు ఉరికిండు.

ఇగ 1852ల ఫ్రాన్సుల రెనాన్ ఇబ్న్ రుష్ద్ మీద పెద్ద పుస్తకం రాసి మతంతో తలపడ్డ స్వేచ్ఛావాదిని చేసిండు. 1902ల అలెగ్జాండ్రియాల ఫరా ఆంతూన్ తన పత్రికల గా దారే పట్టి, మతం వేరు రాజ్యం వేరు ఉండాలె అంటె, ఈజిప్టు ముఫ్తీ ముహమ్మద్ అబ్దూ కాదని జవాబు రాసిండు. ఇద్దరూ ఇబ్న్ రుష్ద్ మా దిక్కే అన్నరు. 1997ల యూసుఫ్ షాహీన్ తీసిన ‘అల్ మసీర్’ సిన్మాల అయితె పాటలు కూడ ఉన్నయి, దొరికితె చూడుండ్రి.

మౌల్వీ సాబ్‌ను ఒకపారి అడిగిన, ఆయన దీన్దారా, కాదా అని. “ఐదు పూటల నమాజు చదివిండు, ఫత్వాలిచ్చిండు, అరస్తూను చదివెటప్పుడు అరస్తూనే చదివిండు. ఇంకేం కావాలె నీకు?” అన్నడు. నేను ఇంకేదో అడగబోతె హోంవర్కు చూపెట్టుమన్నడు.

ఇబ్న్ రుష్ద్ కితాబులు మన దగ్గర కూడ అచ్చయినయి, తెలుసా? హైదరాబాదుల 1888ల పెట్టిన దాయిరతుల్ మఆరిఫ్ ఉన్నది, ఇప్పుడు ఉస్మానియా యూనివర్సిటీ ఆవరణల. అల్ బిరూనీ ‘ఖానూన్ అల్ మసూదీ’ అచ్చేసింది వాళ్ళే. 1947ల ‘రసాయిల్ ఇబ్న్ రుష్ద్’ అని అరస్తూ మీద ఆయన రాసిన చిన్న వ్యాఖ్యానాలు ఆరు కలిపి తెచ్చిండ్రు: భౌతికం, ఆకాశం, పుట్టుడు చెడుడు, వాన మెరుపుల శాస్త్రం, ఆత్మ, ఆఖరుకు అధిభౌతికం. ఇక్కడ రాజ్యం ఉంటదా ఊడ్తదా అని జనం పరేషాన్ల ఉన్న ఏడు అది. ఆ పుస్తకం ఒకపారి చేతులల్ల పట్టుకున్న. ఉర్దూ చదివినోన్ని గనుక అక్షరాలన్నీ గడగడ చదివిన, ఒక్క వాక్యం అర్థమైతె ఒట్టు. మీరు మీకొచ్చిన ఇంగ్లీషుల చదవొచ్చు గాని, మీలో ఒక్కరు అరబ్బీ నేర్చుకొని పత్తి ముచ్చట మూలంల చదివి చెప్తె, ఆ దినం తలకాయ కూర మీ నానమ్మ వండుతది, ఖర్చు నాది.